చిల్లు పడ్డ కిరీటాలు

స్టాంపులు పోగుచేసేవాళ్ళకు చిల్లంటే గిట్టదు. అంచున ఒక పన్ను ఊడినా, మూల మడత పడినా ధర దిగిపోతుంది. నట్టనడుమ గుండ్రంగా చిల్లు పడిందంటే ఇక దానికి ఆల్బంలో చోటే లేదు. స్పెయిన్ టెలిగ్రాఫ్ స్టాంపుల పిచ్చి పట్టాక నాకా పట్టింపు పోయింది.

అక్కడ తంతి రుసుముకు 1864లో విడిగా స్టాంపులు వేశారు. మళ్ళీ ఎవరూ వాడకుండా తంతి ఆఫీసులో వాటికి చిల్లు పొడిచేవారు. మామూలు తపాలా స్టాంపు తంతికి వాడినప్పుడూ అంతే. అది ఉత్తరం మీద పోయిందా, తీగ మీది కబురుకు కట్టిందా అన్నది ఆ చిల్లే చెబుతుంది. అమ్మేవాళ్ళు మాత్రం పాడైన సరుకని చవగ్గా ఇచ్చేస్తారు. ఇవ్వనీ, నాకేం!

నాకు రాజుల ముఖాలకన్నా రాజచిహ్నాలే ఇష్టం. రాజు పోతే ముఖం మారుతుంది. చిహ్నం మారిందంటే ఏలుబడి తీరే మారిందన్నమాట. డాలు మీద కాస్టీల్‌కు కోట, లియోన్‌కు సింహం, ఆరగాన్‌కు నిలువు పట్టెలు, నవార్‌కు గొలుసులు. అడుగున గ్రనడా దానిమ్మ ఆవగింజంత, భూతద్దం లేనిదే కనపడదు. మారేవి ఎక్కువగా డాలు నెత్తిన, వెనక ఉండేవే. 1931లో రాజు దేశం విడిచిపోయాడు; రిపబ్లిక్ రాజకిరీటం దించి కోటబురుజుల కిరీటం పెట్టింది. 1938లో ఫ్రాంకో డాలు వెనక పెద్ద గద్దను నిలబెట్టాడు. మూడు స్టాంపులు పక్కపక్కన పెడితే ఆ గొడవంతా బొటనవేలంత మేర కనిపిస్తుంది.

మన దేశంలో విక్టోరియా కాలపు టెలిగ్రాఫ్ స్టాంపుది వేరే తమాషా. రాణి తల పైనొకటి, కిందొకటి. నడిమికి కత్తిరించి పైసగం రసీదు మీద పంపినవాడికి ఇచ్చేవారు, కిందిసగం ఫారంతోపాటు ఆఫీసులో ఉండిపోయేది. గడువు తీరాక ఫారాలు నాశనం చేసేవారు కనుక ఇప్పుడు మనకు దొరికేవి చాలావరకు పైసగాలే.

స్పెయిన్‌లోనూ ఫారంతో సహా మిగిలినవి అరుదు. అందుకే విడి స్టాంపులతోనే సరిపెట్టుకుంటాను. చిల్లు దానిమ్మ మీద పడ్డా కొంటాను, సింహం మీద పడ్డా కొంటాను. సరిగ్గా కిరీటం మీద పడితే మాత్రం బేరమాడతాను, ఏ ప్రభుత్వానిదో చెప్పే గుర్తే ఎగిరిపోయింది కదా అని.