రెండు నెలల పంట, పది నెలల దుక్కి

అమెరికా పిల్లలకు వేసవి శిబిరమంటే ఈత, ఆటలు, రాత్రిపూట చలిమంట. నడిపేవాళ్లకు మాత్రం అది ఏడాది పొడవునా సాగే సేద్యం.

ఈ వృత్తి వేళ్లు పాతవే. 1861లో కనెక్టికట్‌లో ఫ్రెడరిక్ గన్ అనే బడిపంతులు, భార్య అబిగైల్‌తో కలిసి, తన విద్యార్థులను సముద్రతీరానికి నడిపించుకెళ్లి గుడారాలు వేయించాడు. 1885లో న్యూయార్క్ రాష్ట్రంలో మొదలైన క్యాంప్ డడ్లీ ఇప్పటికీ నడుస్తోంది. 1910 నాటికి శిబిర నిర్వాహకులకు ఒక సంఘమే ఏర్పడింది.

ఈ పనితనం చూడాలంటే సరస్సు గట్టుకు వెళ్లాలి. నీళ్లలో దిగే ప్రతి పిల్లవాడికీ ఒక జోడీ ఉంటుంది. ఈల వినబడగానే జంటలు చేతులు పట్టుకుని పైకెత్తాలి. గట్టుమీద లెక్క సరిపోయాకే మళ్లీ ఆట. ఆ ఒక్క నిమిషం నిశ్శబ్దం వెనక ఎంత కసరత్తో! చలికాలమంతా సిబ్బంది ఎంపిక, పడవల మరమ్మతు, తల్లిదండ్రుల సందేహాలకు జవాబులు. ఇక మొదటి రాత్రి ఇంటిమీద బెంగతో దిండు తడిపే పిల్లవాణ్ణి ఊరడించడం ఏ సర్టిఫికెట్టూ నేర్పని విద్య.

ఇక్కడ చాలామంది మెట్టు మెట్టుగా ఎదుగుతారు. శిబిరానికి వచ్చిన పిల్లే కౌన్సెలర్ అవుతుంది, తర్వాత ఒక విభాగం చూసుకుంటుంది, ఎప్పటికో డైరెక్టరవుతుంది. మొదటి రోజు ఏడ్చిన పిల్లవాడు చివరి రోజు బస్సెక్కనని మారాం చేస్తే, పది నెలల దుక్కికీ అదే ఫలసాయం.