సంతకం చేసిన బొంత

భర్త చనిపోయాక అతని పనిబట్టలు విప్పి, పొడుగాటి పేలికలుగా కోసి, 1942లో మిస్సోరీ పెట్వే ఒక బొంత కుట్టింది. ఆమెది అమెరికాలోని అలబామా రాష్ట్రంలో నది ఒంపులో ఉన్న గీస్ బెండ్. పత్తి తోటల్లో బానిసలుగా బతికినవాళ్ళ వారసుల ఊరు అది. అక్కడి నల్లజాతి స్త్రీలు కుట్టిన బొంతల్లో చెమటకీ ఎండకీ వెలిసిన రంగు కనిపిస్తుంది. జేబు ఊడదీసిన చోట ముదురు మచ్చ కనిపిస్తుంది.

2002లో హ్యూస్టన్‌లోనూ, తర్వాత న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలోనూ ఆ బొంతలు గోడలెక్కాయి. విమర్శకులు మెచ్చుకున్నారు, మతీస్‌నీ పాల్ క్లీనీ తలుచుకుంటూ. స్త్రీ వేసిన చార కళ కావాలంటే పక్కన ఒక మగవాడి పేరు నిలబడాలా?

2005లో మేరీ లీ బెండాల్ఫ్, లూసియానా బెండాల్ఫ్ బర్క్‌లీలోని పాల్సన్ ప్రెస్‌లో ఎచింగ్‌లు చేశారు. చిన్న చిన్న గుడ్డముక్కలు కలిపి కుట్టి, మెత్తటి పూత పూసిన రాగిరేకు మీద అదిమారు. నేత, అతుకు, కుట్టు అన్నీ ఆ పూతలో దిగాయి. ఆమ్లం ఆ గుర్తుల్ని రేకులోకి తొలిచింది. రంగు పూసి, యంత్రంలో నొక్కి, కాగితం మీద అచ్చులు తీశారు.

వాటిని నేను చూసింది పుస్తకంలోనే. మొదట మనసొప్పలేదు. చలికి కప్పుకోని బొంత ఏం బొంత? శ్రమని, శరీరాన్ని తీసేసి చారల్ని మాత్రం అద్దంలో బిగించడం కాదా ఇది?

తర్వాత ఆలోచిస్తే ఇంకో సంగతి తట్టింది. బొంత మీద సంతకం ఉండదు. ఇలాంటి అచ్చు కింద కళాకారిణి సంతకం, ఎన్ని ప్రతుల్లో ఎన్నోదో అంకె ఉంటాయి. ఎన్ని తీయాలో ముందే నిర్ణయమవుతుంది. ఇది చిన్న విషయం కాదు. 2006లో గీస్ బెండ్ బొంతలు పది తపాలా బిళ్ళలయ్యాయి. ఆ డిజైన్లతో తివాచీలూ వచ్చాయి. తమ పని వాడకం గురించీ, రావలసిన డబ్బు గురించీ 2007లో కొందరు స్త్రీలు కోర్టుకెళ్ళారు. 2008లో రాజీ కుదిరింది. నకలు తీసే హక్కు ఎవరిదన్నదే అసలు ప్రశ్న. అది అడగకుండా ‘ఎంత అందం!’ అనే విమర్శ నాకు సగమే అనిపిస్తుంది.

అయితే సంతకం అందరికీ అందలేదు. మిస్సోరీ తరానికి ఏ ప్రెస్సూ తలుపు తెరవలేదు.

మా అమ్మమ్మ కూడా పాతచీరలతో బొంతలు కుట్టేది. ఆవిడ పోయాక అవి ఏమయ్యాయో ఎవరం అడగలేదు. స్త్రీల ఆత్మకథల మీద పిహెచ్.డి. చేసిన నేనూ అడగలేదు. రాసి, పేరు పెట్టుకున్న స్త్రీలే నా ఆధారాలు. ఆ కొలతతో అమ్మమ్మ నా పరిశోధనలోకే రాదు. ఈసారి ఊరెళ్ళినప్పుడు అమ్మని కూచోబెట్టి ఏ బొంతలో ఏ చీర పడిందో రాసుకోవాలి. పైన అమ్మమ్మ పేరు రాయాలి.