‘నిగమశర్మ అక్క’ను మళ్ళీ చదువుతూ

తెలుగు నేలకు బయట తెలుగు ఎం.ఏ.లో చేరిన విద్యార్థిని చుట్టాలు అడిగే ప్రశ్న ఒకటే: “ఇది చదివితే ఏమొస్తుంది?” తమిళాన్ని బడుల్లో తప్పనిసరి చేస్తూ 2006లో తమిళనాడు చట్టం చేసిన తరువాత హోసూరు వైపు ఈ ప్రశ్నకు పదును మరింత పెరిగింది. బరంపురంలోనూ, షోలాపూరులోనూ, కోలారులోనూ వేర్వేరు కారణాలతో ఇదే ప్రశ్న వినిపిస్తుంది. దానిని తేలిగ్గా కొట్టిపారేయడం న్యాయం కాదు. అడిగేవారు ఫీజులు కడుతున్నవారు.

ఉద్యోగం మాట అలా ఉంచి, చదువు చదివిన మనిషికి ఏమి చేస్తుందన్న సంగతిని ఒక విమర్శ వ్యాసం ఆధారంగా పరిశీలించాలని మా ప్రయత్నం. ఆ వ్యాసం రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి ‘నిగమశర్మ అక్క’. మన విద్యార్థులు దీన్ని చాలామంది గైడుల్లో చదివారు, వ్యాసంగా చదివినవారు తక్కువ. పాత్రచిత్రణ ప్రశ్నకు జవాబుగా ముక్కలు చేసుకున్న తరువాత దానిలో మిగిలేది పిప్పి మాత్రమే.

కథ అందరికీ తెలిసినదే. తెనాలి రామకృష్ణుని ‘పాండురంగ మాహాత్మ్యం’లో పీఠికాపుర వాసి సభాపతి అనే సద్బ్రాహ్మణుని కొడుకు నిగమశర్మ. పేరులోనే వేదం ఉంది. చదువుకున్న ఇంట పుట్టి, చదువుకుని, వ్యసనాలపాలై ఆస్తి తగలేశాడు. అత్తవారిచ్చిన మామిడితోట కూడా అమ్ముకున్నాడు. పెళ్ళై వేరే ఊళ్ళో కాపురం చేసుకుంటున్న అక్క పిల్లలను వెంటబెట్టుకుని పుట్టింటికి వస్తుంది. తమ్ముణ్ణి ఆదరించి, కడుపునిండా పెట్టి, అప్పుడు మెల్లగా మాట మొదలుపెడుతుంది. అతడు మారినట్టే నటించి, అదను చూసి ఇంట్లోని నగలన్నీ మూటగట్టుకుని పారిపోతాడు. అక్క ముక్కర కూడా పోయింది. ఆమె దానికోసం ఏడ్చింది. అంతవరకూ తమ్ముడికి బుద్ధులు చెప్పిన మనిషి ఒక్కసారిగా ముక్కర పోగొట్టుకున్న ఆడపడుచు అయిపోవడంలో ఉన్న సహజత్వం తెనాలివారికే చెల్లింది.

ఈ అక్కకు కవి పేరు పెట్టలేదు. రాళ్ళపల్లివారు వ్యాసానికి ఆమెనే శీర్షికగా నిలిపారు.

ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. అలంకారశాస్త్రం చదివిన పండితుడు కావ్యంలోకి ఏ దారిన వెళతాడో ఆలోచించండి. నాయకుడు, నాయిక, నాయికాభేదాలు, దూతికలు, రసం, విభావానుభావాలు. ఈ పట్టికల్లో అక్కకు గది లేదు. శృంగారానికి ఆమె ఆలంబనం కాదు, వీరానికీ కాదు. శాస్త్రం చూపని చోట ఆమెను చూడాలంటే శాస్త్రం తోడు సరిపోదు. పుట్టింటికి వచ్చిన ఆడపడుచు ఎలా నడుస్తుందో, ఏ వేళకు ఏ మాట అంటుందో ఎరిగి ఉండాలి. రాళ్ళపల్లివారు రెండో చదువును మొదటి చదువు పక్కన కూర్చోబెట్టారు. పాండిత్యాన్ని పారేయలేదు, దానిచేత ఇంటి భాష మాట్లాడించారు. ఆ వ్యాసం విలువ అక్కడ ఉందని మేము భావిస్తున్నాము.

ఇలా చూడగలగడం ఒక డిగ్రీతో వచ్చేది కాదు. 1893లో అనంతపురం జిల్లాలో పుట్టిన ఈయన సంస్కృతం చదవడానికి మైసూరు వెళ్ళారు. 1912లో అక్కడి మహారాజా కళాశాలలో తెలుగు పండితులుగా చేరి 1949 దాకా కన్నడ దేశంలో తెలుగు చెప్పారు. ఆ ఊళ్ళోనే బిడారం కృష్ణప్పగారి దగ్గర శిష్యుడై సంగీతం నేర్చారు. ప్రాకృతంలోని గాథాసప్తశతి నుంచి ఏరి తెలుగు చేశారు. వేమనను గురించి ఉపన్యసించారు. కన్నడంలో కూడా పుస్తకాలు రాశారు. ఉద్యోగ విరమణ తరువాత తిరుపతి చేరి అన్నమాచార్యుల పదాల పనిలో దిగారు. రాగిరేకుల మీద రాగాల పేర్లున్నాయి కాని స్వరాలు లేవు. 57 ఏళ్ళు దాటిన ఆచార్యుడు ఒక్కొక్క పదాన్ని పాడి చూసుకుంటూ స్వరపరచడానికి కూర్చున్నారు. 1974లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. బిరుదు కన్నా ఆ కూర్చోవడమే మాకు ముఖ్యంగా తోస్తుంది. జీవితమంతా ఎవరో ఒకరి ముందు, లేదా ఏదో ఒక రాగిరేకు ముందు, విద్యార్థిగా కూర్చున్న మనిషి కనుకనే పేరులేని అక్క ముందు కూడా కూర్చోగలిగారు.

మన విద్యార్థులకు ఇందులో ప్రత్యేకంగా పనికివచ్చే సంగతి ఒకటుంది. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదివి, ఇంట్లో అమ్మా అక్కా నాయనమ్మా మాట్లాడిన తెలుగుతో తరగతికి వచ్చిన పిల్లలు తమ తెలుగును చూసి తామే సిగ్గుపడతారు. అది పుస్తకాల తెలుగు కాదని, కోస్తా తెలుగు కాదని, ప్రబంధం ముందు పనికిరాదని అనుకుంటారు. అక్క తమ్ముణ్ణి మందలించే ఘట్టాన్ని చదివేటప్పుడు నిఘంటువు ఎంత అవసరమో ఆ ఇంటి తెలుగు అంతే అవసరం. మందలింపులో ప్రేమ ఎక్కడ తగ్గి కోపం ఎక్కడ హెచ్చుతుందో నిఘంటువు చెప్పదు.

అక్క పాఠం ఫలించలేదన్న సంగతి కూడా మరువరాదు. నిగమశర్మ చివరికి గట్టెక్కింది క్షేత్రమహిమ వల్ల, అక్క మాట వల్ల కాదు. పరీక్ష ఫలితాలతో కొలిస్తే ఆమె ఓడిన పంతులమ్మ. అయినా కావ్యం చదివిన వారికి గుర్తుండేది ఆమే.

రాళ్ళపల్లివారితో మేము ఒకచోట ఆగిపోతాము. ఆ ఇంట్లో పేరులేని మనిషి అక్క ఒక్కతే కాదు. నిగమశర్మ భార్య ఉంది. అమ్ముడుపోయిన మామిడితోట ఆమె పుట్టింటివారు ఇచ్చినది. అక్కకు ముక్కర పోతే ఏడవడానికి నోరు దక్కింది. కొన్నాళ్ళకు అత్తవారింటికి తిరిగి వెళ్ళే దారీ ఉంది. భార్య ఎక్కడికి పోతుంది? తెనాలివారు ఆమెకు ఎన్ని పద్యాలు ఇచ్చారో, ఏ పద్యంలో ఆమె గడపవతల నిలబడి ఉందో మూలం తెరిచి లెక్కపెట్టి చూడవలసి ఉంది. అక్కను గురించి వ్యాసం వచ్చింది. భార్యను గురించి రాయవలసిన వారు ఈ తరగతుల్లోనే కూర్చుని ఉండవచ్చు.