అతుకు వేరు, లప్పం వేరు

ఈ ఆదివారం విజయవాడ ఆటోనగర్‌లోని షెడ్డులో గ్రైండర్ మొదలై పట్టుమని నిమిషం కాకముందే ఆగిపోయింది. నేను బయట బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాను. నాలుగేళ్లుగా ఎదురుచూసిన రోజది. మా టాటామొబైల్ పికప్ తొట్టి అడుగు రేకు మొత్తం కోసేసి కొత్త రేకు వేయించాలని 14 వేలు కూడబెట్టి తీసుకెళ్లాను. తొట్టి పని అయిపోతే రంగు ఒక్కటే మిగులుతుంది.

"మాస్టారూ, ఒకసారి లోపలికి రండి" అని పిలిచాడు షెడ్డు మేస్త్రీ భాయ్.

వెళ్లాను. తొట్టి ఎడమ వెనక మూలలో ఉన్న అతుకు మీద రంగు గీకేసి ఉంది. పొరలు పొరలుగా మూడు రంగులు లేచిపోయి, అడుగున తెల్లటి ఇనుము మెరుస్తోంది. అతుకు చుట్టూ గ్యాస్ వెల్డింగ్ గీత, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగి, ఎక్కడా తెగకుండా నాలుగు వైపులా తిరిగింది.

"ఇది కొయ్యమంటారా?" అన్నాడు.

 ముందు ఈ బండి గురించి నాలుగు మాటలు. 1991 మోడల్, ఏపీ 7 నంబరు, మా నాన్న కొన్న ఒకే ఒక్క నాలుగు చక్రాల బండి. లారీలు, బస్సులు, 407లు చేసే టాటాల కంపెనీ టెల్కో 1988లో తెచ్చిన తన తొలి పికప్ ఇది. దీని పునాది మీదే 1991లో సియెరా, 1992లో ఎస్టేట్, 1994లో సుమో వచ్చాయి. ఈ వరస నాలాంటివాడికి చరిత్ర మాత్రమే కాదు, ఆదుకునే చెయ్యి కూడా. సుమోలోనూ ఇదే 1948 సీసీ డీజిల్ ఇంజన్ వేశారు. సుమోలు ఊరూరా తిరిగాయి కాబట్టి పిస్టన్ రింగులు, హెడ్ గ్యాస్కెట్ లాంటివి ఇప్పటికీ ఆటోనగర్‌లో వెతికితే దొరుకుతాయి. ఇంజన్ బోరుకొచ్చినా భయం లేదు. కష్టమంతా తలుపులు, తొట్టి, అద్దాల రబ్బర్లతోనే. వాటికోసం తుక్కు దుకాణాల చుట్టూ తిరగాలి.

ఈ బండిని బాగుచేయించడానికి నెలకు మూడు వేలు, ఇదీ నా లెక్క. జీతం రాగానే పాత హార్లిక్స్ సీసాలో వేస్తాను. ఎక్కువ ఖర్చయ్యే పని ఉంటే నాలుగు నెలలు సీసా ముట్టుకోను. ఇలా చేసేవాడికి అన్నిటికంటే ముఖ్యం పనుల వరస. ముందు చాసిస్, తర్వాత బ్రేకులు, స్టీరింగు, ఆ తర్వాత రేడియేటరు, ఇంజను, వైరింగు, ఆ పైన బాడీ, అన్నిటికన్నా చివర రంగు. డబ్బున్నవాడు బండి మొత్తం ఒకేసారి ఊడదీసి ఎక్కడినుంచి మొదలుపెట్టినా ఏదో ఒక రోజు పూర్తి చేస్తాడు. మనం మధ్యలో ఆగిపోయినా బండి కదిలే స్థితిలో ఉండాలి. డబ్బాల్లోకి, గోతాల్లోకి చేరిన బండి మళ్లీ బండి కావడం నేనెక్కడా చూడలేదు. ఏ నట్టు ఎక్కడిదో ఏడాది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఈ వరస తప్పి ఒకసారి దెబ్బతిన్నాను. రెండేళ్ల క్రితం డ్రైవరు వైపు తలుపు టింకరింగ్ చేయించి, రెడ్ ఆక్సైడ్ కొట్టించి, రంగుకు డబ్బు చాలక అలాగే వదిలేశాను. ఎర్రగా పూత కనిపిస్తోంది కదా, రేకుకు కాపలా ఉందిలే అనుకున్నాను. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే నీటిని ఆపదు, తేమను లోపలికి రానిస్తుంది. పైన రంగు పడితేనే అది రక్షణ. ఒక్క వానాకాలానికి ఆ ఎరుపు కిందనుంచి తుప్పు చుక్కలు చుక్కలుగా లేచింది. తలుపు మళ్లీ మొదటికొచ్చింది. తీరిగ్గా చేసేవాళ్లు ఎవరైనా ఉంటే ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: ఎంత ముక్కకు రంగు వేయించగలరో అంత ముక్కే గీకించండి.

ఇక లప్పం. దాని మీద నాకు కోపం. మా హాలు గోడ పగులుకు రంగులవాళ్లు లప్పం పూసి రంగేసి వెళ్లారు, మరుసటి వానలకు ఆ పగులు రెండింతలై బయటపడింది. బండి రేకు విషయంలో ఆ కోపం ఇంకా ఎక్కువ. తుప్పు చిల్లు మీద లప్పం పెట్టి, నీళ్ల కాగితంతో రుద్ది, మెరిసే రంగు కొడితే పది రోజుల్లో బండి షోరూములోంచి దిగినట్టే ఉంటుంది. లోపల తుప్పు మాత్రం తన పని ఆపదు. ఇనుము తుప్పయితే కొన్ని రెట్లు ఉబ్బుతుంది, పైనున్న లప్పాన్ని చిప్పలా లేపుతుంది. రెండు వానాకాలాలు తిరిగేసరికి కొన్నవాడి చేతిలో ముక్క ఊడొస్తుంది. రోగాన్ని దాచిపెట్టి పెళ్లి చేసినట్టు ఉంటుంది ఆ పని.

అందుకే ఈ బండి ఎత్తుకున్న రోజే ఒట్టు పెట్టుకున్నాను. లప్పం వద్దు, అతుకు వద్దు, పుణెలో ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలాగే కావాలి అన్నాను. ఆ రెండు మాటలూ పక్కపక్కనే పెట్టి ఇక్కడ ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. తొట్టి మూలలోని ఆ అతుకు ఎప్పుడెప్పుడు పోతుందా అని నాలుగేళ్లుగా చూశాను. ఇప్పుడు కొయ్యమంటారా అని మేస్త్రీ అడిగితే నోట మాట రాలేదు.

ఆ అతుకు పడిన రాత్రి నేను అక్కడే ఉన్నాను.

1999, మార్చి. మాది కొల్లిపర వైపు, కృష్ణ ఒడ్డు. లంక భూముల్లో పసుపు, అరటి, కంద. అప్పుడు నేను బీఈడీ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చాను. ఆ రోజుల్లో మా వాకిలంతా పసుపే. తవ్విన దుంపలు ఉడకబెట్టి, రెండు వారాలు ఎండబోసి, డ్రమ్ములో వేసి తిప్పి పాలిష్ పట్టేవాళ్లం. కొమ్ములు వేరు, కాయలు వేరు చేసి బస్తాలకెత్తడం అమ్మా నేనూ చేసేవాళ్లం. ఆ నెల అంతా ఒళ్లు, బట్టలు, తినే అన్నం కూడా పసుపు వాసనే. దుగ్గిరాల యార్డుకు పొద్దున్నే సరుకు చేరాలని నాన్న ముందురోజు సాయంత్రమే లోడు కట్టాడు.

ఊరు దాటి రెండు మూడు కిలోమీటర్లు వెళ్లామో లేదో, వెనకనుంచి సైకిల్ మీద వస్తున్న కుర్రాడు కేకలేశాడు. "బాబాయ్! కొమ్ములు పోతున్నాయి!" నాన్న బ్రేకు తొక్కాడు. దిగి చూస్తే తొట్టి ఎడమ మూల రేకు చినిగిపోయి, అక్కడున్న బస్తా అడుగు తెగి, మేం వచ్చిన దారి పొడుగునా పసుపు కొమ్ములు. దీపాల వేళ. నేను తుండుగుడ్డ పట్టుకుని వెనక్కి పరుగెత్తాను. రోడ్డు మీద ఒక్కొక్క కొమ్మూ ఏరుతుంటే ఆ సైకిల్ కుర్రాడూ దిగి ఏరాడు. మా తుండుగుడ్డ రెండుసార్లు నిండింది.

ఆ మూలే ఎందుకు చినిగిందో చాలా కాలం నాకు అర్థం కాలేదు. ఈ పనిలో పడ్డాక తెలిసింది. మన రోడ్లకు నడుమ ఎత్తు, అంచు వాలు. ఎడమ పక్క నడిచే బండి, ఎడమ పక్కే ఆగే బండి, నీరంతా ఎడమకే జారుతుంది. దానికి తోడు నాన్న పసుపు ఒక్కటే తోలలేదు. యూరియా తోలాడు, పొటాష్ తోలాడు. పొటాష్ అంటే ఉప్పు జాతి. గోతాల్లోంచి రాలిన పొడి ఆ మూలకు చేరి, తేమ పీల్చుకుని, రేకును లోపల్లోపల తినేసింది. పని చేసిన బండికి తుప్పు ఎక్కడ పట్టిందో చూస్తే అది ఏం మోసిందో చెప్పొచ్చు.

ఆ రాత్రి తెనాలిలో మూసేయబోతున్న గ్యాస్ వెల్డింగ్ కొట్టు తలుపు తట్టాడు నాన్న. కొత్త రేకు కొనడానికి షాపులు లేవు, జేబులో అంత డబ్బూ లేదు. కొట్టు వెనక పడి ఉన్న 200 లీటర్ల ఆయిల్ పీపా ముక్క చూపించి "ఇది పనికొస్తుందా?" అన్నాడు. బస్తాలన్నీ దింపాం. వెల్డింగ్ మేస్త్రీ పోయిన రేకు గట్టి అంచు దాకా కత్తిరించాడు. పీపా ముక్క కొలిచి కోసి, సుత్తితో చదును చేసి పెట్టాడు. పీపా నడుముకుండే ఉబ్బు పట్టీ ఎంత కొట్టినా పూర్తిగా అణగలేదు. "ఉండనీ, బలం" అన్నాడు. నేను బ్యాటరీ లైటు పట్టుకున్నాను. గంట పైగా పట్టింది. వేడి తగ్గాక నాన్న దాని మీదెక్కి రెండుసార్లు గట్టిగా ఎగిరాడు. ఏమీ కాలేదు. "ఎత్తండి బస్తాలు" అన్నాడు. తెల్లవారేసరికి యార్డులో ఉన్నాం.

ఆదివారం షెడ్డులో ఇదంతా భాయ్‌కి చెప్పలేదు. అతను తన పద్ధతిలో తను పరీక్ష చేస్తున్నాడు. సుత్తి తీసుకుని తొట్టి రేకు మీద జానెడు జానెడుకూ కొట్టుకుంటూ వచ్చాడు. కుడి వైపు ఖంగుమంది. ఎడమ అంచు వెంట ఒక మూరెడు మేర మొద్దు చప్పుడు వచ్చింది, అంటే రేకు పలచబడిందన్నమాట. అతుకు మీద కొడితే మళ్లీ ఖంగు. తర్వాత కిందికి దూరి, స్క్రూడ్రైవరుతో అతుకు అంచు గీకాడు. పైకి వచ్చినప్పుడు అతని వేళ్లకు పసుపు పచ్చని పొడి అంటుకుని ఉంది. రెండు రేకులు కలిసిన సందులో గట్టిపడి ఉండిపోయిన పొడి అది. వాసన చూశాడు, నాకూ చూపించాడు. ఇన్నేళ్ల తర్వాత వాసన ఉందో లేదో గట్టిగా చెప్పలేను. రంగు మాత్రం ఉంది.

"చుట్టూ రేకు పోయింది గానీ ఇది పోలేదు మాస్టారూ. ఎవరు వేశారో, గట్టి ఇనుము దొరికేదాకా కోసి వేశారు" అన్నాడు.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. గట్టి ఇనుము దొరికేదాకా కోయడం, లప్పం చేసేవాడు ఎప్పుడూ చేయని పని. అతను చిల్లు మీద పూస్తాడు, చిల్లు అంచులు ఎలా ఉన్నాయో చూడడు. అతుకు వేసేవాడు కుళ్లిన భాగం మొత్తం తీసేయందే మొదలుపెట్టలేడు, ఎందుకంటే తుప్పుకు వెల్డింగ్ పట్టదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి ఇన్నాళ్లూ తిట్టాను. అమ్మ ఇత్తడి బిందెకు మాటు వేయించిన కథ ఇక్కడ రాసినప్పుడు ఎంతోమంది తమ ఇళ్లలోని మాట్ల గురించి ఉత్తరాలు రాశారు. బిందెకు మాటు వేస్తే సంసారం తెలిసిన పని అని మెచ్చుకున్న నేనే, బండికి అతుకు కనిపిస్తే అవమానం అనుకున్నాను. అతుకుల బొంత అని మనం చిన్నచూపుగా అంటాం గానీ చలికాలం రాత్రి పిల్లలకు కప్పేది ఆ బొంతే.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. నా దగ్గర డబ్బుంటే ఈ అతుకు నాలుగేళ్ల క్రితమే తుక్కులో కలిసేది. మొదటి నెలలోనే తొట్టి మొత్తం మార్పించేవాణ్ణి, ఎవరూ గీకి చూసేవారు కాదు. సీసాలో డబ్బు నిండకపోవడం వల్లే అది మిగిలింది. అలాగని ఆలస్యాన్ని పొగడను. ఇదే నాలుగేళ్లలో బండి నిలబడి ఉండటం వల్ల బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుని, వెనక చక్రాల సిలిండర్లలో పిస్టన్లు పట్టేశాయి. బ్రేకుల పని మొదట్లోనే చేయించాను, అయినా మళ్లీ చేయించక తప్పదు. నిదానం మంచిదే గానీ నిలిపేయడం మంచిది కాదు. వారానికోసారైనా చక్రం తిరగాలి.

మా బావ మాత్రం తుక్కుకిచ్చెయ్యమంటాడు. 2021 నాటి స్క్రాపింగ్ విధానం ప్రకారం సర్టిఫికెట్ తెచ్చుకుంటే కొత్త బండి రోడ్డు ట్యాక్సులో రాయితీ వస్తుంది కదా అంటాడు. ఆ లెక్క తప్పు కాదు. వింటేజ్ అని గౌరవం దక్కాలంటే 50 ఏళ్లు దాటాలి, పైగా అది సొంతానికి వాడే బండికే గానీ సరుకు తోలేదానికి కాదు. మా బండికి ఆ గౌరవం అక్కర్లేదు. ఏటేటా ఫిట్‌నెస్‌కు వెళ్లి పాసై, మళ్లీ బస్తాలు మోస్తే చాలు. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఇది ఇంకా మా బండి కాదు. తెనాలిలో ఆ రాత్రి నాన్న దాని మీద ఎగిరి చూశాక మాదైంది.

14 వేలు మళ్లీ లెక్కవేశాం. తొట్టి మొత్తం మార్చం. మొద్దు చప్పుడు వచ్చిన మూరెడు అంచు మాత్రం కోసి, గట్టి ఇనుము దొరికేదాకా వెళ్లి, కొత్త ముక్క వేస్తాడు భాయ్. అంటే పాత అతుకు పక్కన ఇంకో అతుకు. దానికి నాలుగు వేలు చాలన్నాడు. మిగతాది వెనక చక్రాల సిలిండర్లకు, బ్రేక్ షూలకు, పైపులకు. రంగు సంగతి వచ్చే ఏడాది చూద్దాం. గీకిన చోట మాత్రం రెడ్ ఆక్సైడ్ మీద అప్పటికప్పుడే రంగు పడాలని గట్టిగా చెప్పాను.

నేను బయల్దేరేటప్పుడు భాయ్ సుద్దముక్క తీసుకుని అతుకు చుట్టూ గీత గీశాడు. సోమవారం పనికొచ్చే కుర్రాళ్లకు తెలియాలి కదా. గీత లోపల, అణగని ఆ పీపా పట్టీ మీద, పెద్ద అక్షరాలతో "కొయ్యొద్దు" అని రాశాడు.