మధ్యస్థ భాండాగారము

బరంపురమున హల్దియాపదర్ బస్‌స్టాండునకు చేరువగా, ఒక్క తీగవెంట వచ్చు ఇంటర్నెట్టును 20 కంప్యూటర్లు పంచుకొనుచుండిన చిన్న శిక్షణశాలలో, పిల్లలందఱును ఒకే పుటను తెఱవబూనినప్పుడు ఆ పుట ఇరువదిమార్లు దూరదేశమునుండి దిగవలసివచ్చుట చూచి, దీనికి విరుగుడు లేదా యని నేను చింతించితిని. విరుగుడు మన వంటయింటనే కలదు. మాగాయ తినబుద్ధి పుట్టిన ప్రతిపూటయు తోటకు పరుగెత్తువారెవ్వరు? ఒకమాఱు పెట్టి జాడీలో దాచినదానినే వడ్డించుకొందుము గదా!

మన కంప్యూటర్లకును వెబ్బునకును నడుమ నిలిచి, వచ్చిన పుటలను దాచియుంచు క్యాషింగ్ ప్రాక్సీ యనునది అట్టి జాడీయే. హార్వెస్టు అను పరిశోధననుండి చీలి, డువేన్ వెసెల్సు చేతులమీదుగా 1996లో వెలువడిన స్క్విడ్, ఈ విద్యలో చేయితిరిగిన ప్రోగ్రాము. దాచిన పుట పాతబడెనేమో యను శంక కలిగినచో అది దానిని పారవేయదు. ఫలానా వేళ తరువాత ఇది మారినదా యని మూలసర్వరును అడుగును. మారలేదనుటకు గుర్తైన 304 అను అంకె వచ్చినంతనే, జాడీలోనిదానినే వడ్డించును.

స్క్విడ్‌నే మా శిక్షణశాలలో నిలిపితిని. దీని మర్మమంతయు స్క్విడ్.కాన్ఫ్ అను ఫైలులో నున్నది. అనుమతిపంక్తులను స్క్విడ్ పైనుండి క్రిందికి చదువుచు, సరిపడిన మొదటి పంక్తియొద్దనే తీర్పుచెప్పి ఆగిపోవును. ఈ సంగతి తెలియక నేను మా యంత్రములకు అనుమతినిచ్చు పంక్తిని ఫైలు చివర, అనగా 'అందఱికిని నిషేధము' అను పంక్తికి దిగువను వ్రాసి, పేజీలు రాకపోగా, నిరపరాధియైన ఫైర్‌వాలును రాత్రంతయు విప్పి కూర్చితిని. తెల్లవాఱి యాక్సెస్ లాగు తెఱచితినో లేదో, ప్రతి వరుసయందును 'డినైడ్' అను మాటయే! అడిగిన యంత్రమేదో, ఎన్ని మిల్లీసెకన్లు పట్టెనో, నిలువనుండి వచ్చెనో (హిట్), బయటనుండి వచ్చెనో (మిస్) ఆ లాగు దాపఱికము లేక చెప్పును. అది చదువకముందు సెట్టింగులపై చేయివేయుట, నాడి చూడక మందిచ్చుటయే.

అనుమతిపంక్తిని నిషేధపంక్తికి పైకి జరుపగా ద్వారము తెఱచుకొన్నది కాని పెద్ద ఫైళ్లన్నియు 'మిస్' అనియే వచ్చుచుండెను. దాచదగిన వస్తువు గరిష్ఠపరిమాణము, వేఱుగ చెప్పనిచో, 4 మెగాబైట్లే. దానిని పెంచితిని, ఫలము లేదు. ఆ పరిమాణమును చెప్పు పంక్తి, నిలువస్థలమును నిర్దేశించు 'క్యాష్_డిర్' పంక్తికి పైన నుండవలెనట! మఱల క్రమమే. 'స్క్విడ్ -కె పార్స్' అను ఆజ్ఞ అక్షరదోషమును పట్టునే కాని ఇట్టి క్రమదోషమును పట్టదు.

ఇపుడు వెబ్బులో అధికభాగము హెచ్‌టీటీపీఎస్ ముసుగున నడచుటచే, ప్రాక్సీకి చిరునామా తప్ప లోపలి విషయము కానరాదు. సొంత సర్టిఫికెట్టుతో ఆ ముసుగు విప్పు ఉపాయము లేకపోలేదు. ఒరుల ఉత్తరమును ఆవిరిపట్టి తెఱచుటవంటి ఆ పని నాకు సమ్మతము కాదు. అయినను డెబియన్, ఉబుంటు ప్యాకేజీలు సంతకముల రక్షణతో ముసుగు లేకయే వచ్చుచుండుటచే, అప్‌డేటు దినమున జాడీకి మునుపటి వైభవమే. కాని అన్ని యంత్రములును ఒకేసారి అడిగినచో, జాడీ నిండకమున్నే అడుగుటచే అందఱికిని 'మిస్'సే. కావున మొదట ఒక్కదానిని నడిపి, అది ముగిసినపిదపనే తక్కిన 19 యంత్రములకు ఆజ్ఞ యిచ్చుచున్నాను.