స్వాతిలో నాటితే సంక్రాంతికి పండు

చలిదేశాల వాళ్లు త్వరగా కాసే టమాటా కోసం వెతికేది మంచుకు భయపడి. చెక్ దేశపు స్టుపిట్సె రకానికి పేరు వచ్చింది అందుకే. గుంటూరు, ప్రకాశం రేగళ్లలో మనల్ని తరుముకొచ్చేది ఎండ. రాత్రిపూట వేడి 21, 22 డిగ్రీలు దాటితే టమాటా పూత నిలవక రాలిపోతుంది. పగటి వేడి బాగా ముదిరితే కాయ ఎర్రబడక పసుప్పచ్చగానే ఆగిపోతుంది. మార్చి వచ్చిందంటే ఈ రెండూ తప్పవు. కనుక పెరట్లో వేసే రకం చలి ఉండగానే కాపు ముగించాలి.

ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చిన పూసా ఎర్లీ డ్వార్ఫ్ సరిగ్గా అలాంటిదే. పొట్టి మొక్క. నాటాక త్వరగానే మొదటి కోత వస్తుంది, కాపంతా దగ్గర దగ్గరగా వచ్చి అయిపోతుంది. రోజూ పప్పులోకి రెండు కాయలు చాలనుకునేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు. జాడీ నిండా పచ్చడి పెట్టే ఇంటికి మాత్రం ఇదే మేలు. సంక్రాంతి దాటాక పండుమిర్చి చేతికొస్తుంది, అప్పటికే టమాటా కూడా పెరట్లో పండి ఉంటుంది.

హస్త కార్తెలో నారు పోసి, స్వాతిలో నాటుకోవాలి. అది తుఫాన్ల కాలం. రేగడి తడిస్తే రోజుల తరబడి ఆరదు, ఆరితే నెర్రెలు విచ్చి వేళ్లను తెంపుతుంది. బోదె ఎత్తుగా తోలి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, మొదళ్ల దగ్గర వరిగడ్డి పరిస్తే ఈ రెండు బాధలూ తగ్గుతాయి. తడి ఒకరోజు ఎక్కువై మరో వారం లేకపోతే కాయ అడుగు నల్లబడి కుళ్లుతుంది. చాలామంది అది పురుగు పని అనుకుని మందు కొడతారు. మిరప వేసిన చోట మాత్రం టమాటా వద్దు. రెండూ ఒకే కుటుంబం, ఎండు తెగులు మట్టిలోనే కాచుకుని ఉంటుంది. ఊతానికి అందుబాటులో ఉంది కదా అని పత్తికట్టె తెచ్చి పాతకండి. దాని మీద మిగిలిన కాయల్లో గులాబీ రంగు పురుగు తలదాచుకుంటుంది. కందికట్టె చాలు.

అసలు గండం తెల్లదోమ. 1980ల నడుమ పత్తి రైతును ముంచిన ఈ దోమే టమాటాకు ఆకుముడత వైరస్‌ను మోసుకొస్తుంది. ముడత లేత మొక్కకు పట్టిందా, ఇక కాపు మీద ఆశ వదులుకోవాల్సిందే. కాయలు పట్టాక వస్తే నష్టం కొద్దిపాటిదే. అందుకే నా లెక్కలో ఈ సేద్యమంతా నారుమడి దగ్గరే తేలిపోతుంది. మడి మీద సన్నకన్ను నైలాన్ వల కప్పి, నాటే రోజు వరకూ తీయకూడదు. పెరటి చుట్టూ జొన్న ముందుగానే రెండు మూడు వరుసలు ఒత్తుగా వేస్తే ఎగిరొచ్చే దోమ చాలావరకు అక్కడే ఆగుతుంది. జనవరి, ఫిబ్రవరుల్లో పత్తి చేలు ఎండాక దోమ పచ్చదనం వెతుక్కుంటూ ఊళ్లోకి దిగుతుంది. త్వరగా కాసే రకానికి అప్పటికి కాపు సగం పైగా చేతికొచ్చి ఉంటుంది.

ఇది హైబ్రిడ్ కాదు, విత్తనం కట్టుకోవచ్చు. కానీ మనవాళ్లు ముందు కాయలు కూరకు వాడేసి, ఆఖరున మిగిలినవి విత్తనానికి ఉంచుతారు. అలా ఏళ్ల తరబడి చేస్తే రకం మెల్లగా ఆలస్యానికి తిరగవచ్చు. ముడత సోకని మొక్కల్లో అన్నిటికంటే ముందు పండిన కాయలకు దారం కట్టి గుర్తు పెట్టుకోవాలి. అవి మెత్తగా మాగాక గుజ్జు పిండి రెండు రోజులు పులియబెట్టి, అడుగుకు దిగిన గింజలను కడిగి నీడలో ఆరబెట్టాలి.