గోడ మీది పద్యానికి కాల్ నంబర్ ఎంత?

నిజాం పాలన చివరి రోజుల్లో దాశరథి కృష్ణమాచార్య నిజామాబాద్ ఖిల్లా జైల్లో ఖైదీగా ఉన్నాడు. అక్కడి గోడ మీద బొగ్గుతో పద్యం రాశాడు. జైలు వాళ్ళు చెరిపేస్తే మళ్ళీ రాశాడనీ, తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి కూడా అందులో ఓ చెయ్యి వేశాడనీ చెప్పుకుంటారు. ఈ కథ మనకు కొత్త కాదు. తెలంగాణ ఉద్యమం పొడవునా ప్రతి వేదిక మీదా విన్నదే.

ఇప్పుడో తిక్క ప్రశ్న. ఆ పద్యం లైబ్రరీలో ఏ అరలో ఉంటుంది?

అచ్చయిన దాశరథి పుస్తకానికైతే జవాబు సులువే. ప్రపంచంలో చాలా లైబ్రరీలు వాడే డ్యూయీ దశాంశ వర్గీకరణలో తెలుగు సాహిత్యం 894.827. చివర 1 చేరిస్తే కవిత్వం, 2 అయితే నాటకం, 3 అయితే కథలూ నవలలూ. 894.8271 అని చిన్న చీటీ మీద రాసి పుస్తకం వెన్నుకి అంటిస్తారు. పని అయిపోయింది. కానీ ఆ చీటీ దేనికి అంటించినట్టు? చేతిలో ఉన్న కాగితాల కట్టకా? ఆ ఏడాది వచ్చిన ముద్రణకా? లేక ఏ కాగితమూ లేకుండా గోడ మీద పుట్టిన పద్యానికా?

ఇది మాటల గారడీ కాదు. లైబ్రరీ సైన్సులో గత పాతికేళ్ళుగా నడుస్తున్న పెద్ద చర్చకి మూలం ఈ ప్రశ్నే. మన సాహిత్య చరిత్రకి కూడా ఇందులో గట్టి వాటా ఉంది.

*

ప్రపంచ గ్రంథాలయ సంఘాల సమాఖ్య ఇఫ్లా 1998లో ఒక నివేదిక అచ్చేసింది. దాన్ని పొడి అక్షరాల్లో ఎఫ్‌ఆర్‌బీఆర్ అంటారు. 2017లో దాన్నీ, దాని తోబుట్టువులైన మరో రెండు నమూనాలనీ కలిపి లైబ్రరీ రిఫరెన్స్ మోడల్, అంటే ఎల్‌ఆర్‌ఎం, అని కొత్త రూపం ఇచ్చారు. పేర్లు భయపెట్టేలా ఉన్నాయి గానీ లోపలి ఆలోచన చాలా మామూలుది. మనం ‘పుస్తకం’ అనే ఒక్క మాటతో నాలుగు వేర్వేరు సంగతుల్ని చెబుతున్నాం అంటుంది ఆ నమూనా.

ఖిల్లా జైలు గోడ దగ్గరే నిలబడి చూద్దాం. దాశరథి అల్లిన ఆ పద్యం, ఏ రూపమూ లేని ఊహగా, ఒక ‘కృతి’. అది ఫలానా మాటల్లో, ఫలానా వరుసలో కుదురుకుంటే ‘అభివ్యక్తి’. ఆ పద్యంలో బాగా పేరుపడ్డ పాదంలోని ఒక మాటని కొందరు తత్సమంగా పలుకుతారు, కొందరు తద్భవంగా పలుకుతారు. అంటే కృతి ఒక్కటే, అభివ్యక్తులు రెండు. ఇంగ్లీషులోకి అనువదిస్తే అది మూడోది. ఆ మాటలు ఒక సంపుటిలోనో పాఠ్యపుస్తకంలోనో అచ్చయితే అది ‘ప్రచురణ’. ఆ ప్రచురణలో మీ చేతికొచ్చిన, మూల మడతపడ్డ ఒక్క కాపీ ‘ప్రతి’.

జైలు సిబ్బంది చెరిపింది ప్రతిని. కృతి వాళ్ళ చీపురుకి అందలేదు, ఎందుకంటే అది అప్పటికే మనుషుల నోట్లో ఉంది. నమూనా చెప్పేదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ పాఠ్యగ్రంథంలోనూ దొరకదేమో.

ఈ నమూనాని తయారుచేసింది క్యాటలాగు కోసం. వర్గీకరణ కోసం కాదు. కానీ దాన్ని అద్దంలా పట్టుకుని వర్గీకరణ వైపు చూస్తే ఇన్నాళ్ళూ కనపడని చిక్కులు కనపడతాయి. వెన్ను మీది నంబర్ మాట్లాడేది కృతి గురించి: ఏ భాషా సాహిత్యం, ఏ ప్రక్రియ, ఏ విషయం. దాన్ని అంటించేది మాత్రం ప్రతికి. మధ్యలోని రెండు అంతస్తులూ మాయం.

*

ముందు డ్యూయీ సంగతి. 1876లో అమెరికాలో పుట్టిన పద్ధతి ఇది. 800లలో సాహిత్యం ఉంటుంది. అమెరికన్ సాహిత్యానికి 810, ఇంగ్లీషుకి 820, జర్మన్‌కి 830, ఫ్రెంచికి 840... ఒక్కో ఇంటికి పదేసి గదులు. మిగతా ప్రపంచమంతా 890లో సర్దుకోవాలి. అందులో 894లో ద్రావిడ భాషలకి పొరుగువాళ్ళు ఎవరయ్యా అంటే టర్కిష్, హంగేరియన్, ఫిన్నిష్. ఉర్దూ 891.439లో, మరాఠీ 891.46లో ఉంటాయి.

బోధన్ బస్టాండులో పది నిమిషాలు నిలబడండి. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ చెవిన పడతాయి. ఫిన్నిష్ వినపడదు. భాషా కుటుంబాల లెక్కలో డ్యూయీకి దాని తర్కం దానికి ఉంది. కానీ నిజామాబాద్‌లో ఉర్దూ బడిలో చదివి తెలుగులో రాసిన తరం ఒకటుంది. ఆ తరం చదువు, రాత ఎలా అల్లుకున్నాయో అలమారలో చూద్దామంటే, మధ్యలో ఎన్ని అరలు దాటాలో.

అనువాదాల దగ్గర ఇంకో పేచీ. అనువాదాన్ని మూలభాష సాహిత్యంలోనే పెట్టమంటుంది డ్యూయీ. ఆ లెక్కన క్రొవ్విడి లింగరాజు తెలుగు చేసిన గోర్కీ ‘అమ్మ’ చోటు 891.73లో, రష్యన్ నవలల మధ్య. కృతి పరంగా సబబే. మరి తెలుగులో ఎందరినో రాజకీయాల్లోకి నడిపించింది ఏది? రష్యన్ వాక్యం కాదు, లింగరాజు వాక్యం. అంటే ఆ అభివ్యక్తి. డ్యూయీ నంబర్లో ఆ వాక్యానికి చోటే లేదు.

ఆళ్వారుస్వామి విషయంలో పోయేది ప్రచురణ. ఆయన 1938లో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టాడు. పుస్తకాలు వేసి, తనే మోసుకెళ్ళి అమ్మాడు. ఏ పుస్తకం తర్వాత ఏ పుస్తకం వేశాడన్న ఆ వరుసే ఒక ఆలోచన, ఒక రాజకీయం. లైబ్రరీకి రాగానే ఆ మాల తెగిపోతుంది. ఒక పూస చరిత్రలోకి, ఒక పూస కథల్లోకి పోతుంది. ఆయన సొంత నవల ‘ప్రజల మనిషి’ దొరుకుతుంది గానీ, ఆయన జనం చేతుల్లో ఏమేం పెట్టాడన్నది అలమార చెప్పదు. చెప్పాల్సింది క్యాటలాగు. దాంట్లో గ్రంథమాల పేరుతో వెతికే వీలుంటే కదా.

*

ఇక మనవాడు రంగనాథన్. 1933లో వచ్చిన ఆయన కోలన్ వర్గీకరణలో సాహిత్యం గుర్తు ఓ. తెలుగుకి 35. కవిత్వానికి 1. తర్వాత కవి పుట్టిన సంవత్సరం. ఎన్ అంటే 1900ల శతాబ్దం. 1925లో పుట్టిన దాశరథి ఓ35,1ఎన్25 అవుతాడు. దాని వెనక ఆయన ఒక్కో కృతికీ ఒక్కో అంకె వస్తుంది. అంటే నంబర్ నేరుగా కృతి దాకా దిగుతుంది. అనువాదమో, కొత్త ముద్రణో వస్తే ఆ తేడాని చెప్పడానికి వేరే పుస్తక సంఖ్య ఉంది. వ్యాఖ్యానాల మీద వ్యాఖ్యానాలున్న ప్రాచీన గ్రంథాల కోసం ‘క్లాసిక్ డివైస్’ అని ప్రత్యేక ఏర్పాటు చేశాడు. మూలమూ, దాని టీకా, ఆ టీకాకి టీకా అన్నీ పక్కపక్కనే కూర్చుంటాయి. వ్యక్తమైన ఆలోచన వేరు, దేహం దాల్చిన ఆలోచన వేరు అని రంగనాథన్ స్పష్టంగా విడదీశాడు. కృతికీ ప్రతికీ మధ్య గీత గీయడానికి ఇఫ్లా నివేదిక దాకా ఆగనక్కర్లేకపోయింది.

మరి ఇంత చక్కటి పద్ధతిని నెత్తిన పెట్టుకోవచ్చు కదా? ఒక చోట ఇదీ తడబడుతుంది. కవికి ఒక పేరు, ఒక పుట్టిన సంవత్సరం ఉండాలని కోరుకుంటుంది. అజ్ఞాత కర్తల కోసం సర్దుబాట్లు ఉన్నాయి. కానీ మధ్యలో ఉన్న స్తంభం మాత్రం ‘కర్త’.

*

భీమ్‌గల్ వైపు వెళదాం. కార్తీకంలో లింబాద్రి గుట్ట మీద నరసింహస్వామి జాతర. అంతకుముందే బతుకమ్మ. ఇంటింటా బీడీలు చుట్టే ఆడవాళ్ళు, గల్ఫ్‌కి పోయిన మగవాళ్ళు. అక్కడ వినపడే పాటలో ఈ ఏడు దుబాయి చేరొచ్చు, పోయిన ఏడు లేని ఒక వదిన చేరొచ్చు. ఆ పాట లైబ్రరీకి వస్తే 894.8271కి రానివ్వరు. 398కి పంపిస్తారు. అంటే జానపదం. అది సాహిత్యంలో భాగం కాదు, సమాజశాస్త్రాల్లో భాగం. అదే నరసింహస్వామి మీద పేరున్న కవి శతకం రాస్తే కవిత్వం. పేరు లేని గొంతు పాడితే ఆచార వ్యవహారాల కింద లెక్క. తేడా పద్యంలో లేదు, సంతకంలో ఉంది.

నాలుగు అంతస్తుల నమూనా ఇక్కడ ఆదుకుంటుందా? సగం. ఒకే కృతి, వంద అభివ్యక్తులు అనుకుంటే ఊరూరి పాటనీ ఒక చోటికి తేవచ్చు. భీమ్‌గల్‌ది ఇలా, మోర్తాడ్‌ది ఇలా అని విడివిడిగా చూపించొచ్చు. మిగతా సగం కష్టం. ఎన్ని చరణాలు మారితే అది వేరే పాట? ఎవరిది అసలు? పాడేవాళ్ళని అడిగితే నవ్వుతారు. ఎఫ్‌ఆర్‌బీఆర్ నివేదిక ఈ ఇబ్బందిని దాచలేదు. ఒక కృతికీ ఇంకో కృతికీ మధ్య గీత ఎక్కడ పడుతుందన్నది ఒక్కో సంస్కృతిలో ఒక్కోలా ఉండొచ్చని ఒప్పుకుంది. నా మటుకు నాకు ఆ నివేదికలో అన్నిటికన్నా విలువైన మాట అదే. ఎందుకంటే అది ఒక ఖాళీ కుర్చీ వేసి పెట్టింది. ఆ గీత గీయాల్సింది మనం. ఇప్పటిదాకా ఆ కుర్చీలో మనవాళ్ళెవరూ కూర్చున్నట్టు లేదు.

*

‘ఇదంతా ఎందుకండీ, గూగుల్లో కొడితే వస్తుంది కదా’ అనే మాట ఎలాగూ వస్తుంది. కొట్టి చూడండి. భీమ్‌గల్, భీంగల్, భీమగల్. దాశరథి, దాశరధి. పైగా దాశరథి అంటే కృష్ణమాచార్యా, ‘చిల్లర దేవుళ్ళు’ రాసిన ఆయన తమ్ముడు రంగాచార్యా? ఎల్‌ఆర్‌ఎంలో ‘నోమెన్’ అని ఒక వస్తువుంది. పేరు వేరు, ఆ పేరున్న మనిషి వేరు. ఒకరికి ఎన్ని పేర్లున్నా, ఎన్ని స్పెల్లింగులున్నా అన్నిటినీ ఆ ఒకరికే ముడి వెయ్యాలి అంటుంది. ఆ ముడి వేసే పని యంత్రం తనంతట తను చెయ్యదు. చదివినవాడు ఎవడో కూర్చుని వెయ్యాలి.

ఆ ముడి వెయ్యకపోతే ఏమవుతుందో మనకి ఒకసారి అనుభవమైంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒక పెద్దమనిషి అంటే, సురవరం ప్రతాపరెడ్డి వాదన పెట్టుకోలేదు. వెతికాడు. ఉత్తరాలు తెప్పించి, పద్యాలు పోగేసి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చేశాడు. 354 మంది కవులు. మనం దాన్ని ఆత్మగౌరవ ప్రకటనగా చదువుతాం, అది నిజమే. నా కంటికి మాత్రం అది అన్నిటికన్నా ముందు ఒక క్యాటలాగు. ‘లేరు’ అన్న మాటకి జవాబుగా ‘ఇదిగో, ఫలానా ఊరు, ఫలానా పేరు, ఫలానా పద్యం’ అన్న జాబితా.

ఆ సంచిక లైబ్రరీకి వచ్చింది. వెన్ను ఒక్కటే కాబట్టి నంబర్ ఒక్కటే ఇచ్చారు. క్యాటలాగులో సంపాదకుడి పేరు చేరింది. 354 మంది మళ్ళీ అట్టల మధ్యకి వెళ్ళిపోయారు. భీమ్‌గల్ నుంచి నిజామాబాద్ డిగ్రీ కాలేజీకి వచ్చిన ఓ పిల్ల, మా తాలూకా వైపు కవులెవరైనా ఉన్నారా అని క్యాటలాగుని అడిగిందనుకోండి. అలమారలో పుస్తకం ఉండగానే, ‘లేరు’ అంటుంది. ప్రతాపరెడ్డికి కోపం తెప్పించిన జవాబే, ఈసారి ఏ దురుద్దేశమూ లేకుండా, కేవలం ఎంట్రీ రాయకపోవడం వల్ల.

నమూనాలూ నంబర్లూ మన మీద కుట్ర చెయ్యడం లేదు. డ్యూయీని పారేసి కొత్తది తెచ్చుకోవాలనీ నేను అనడం లేదు. వెన్ను మీద ఒక్క నంబరే పడుతుంది, అది ప్రతి ఖర్మ. క్యాటలాగుకి ఆ ఖర్మ లేదు. 354 కృతులకి 354 ఎంట్రీలు రాయొచ్చు. అనువాదకుడి పేరుతో, గ్రంథమాల పేరుతో, పాడిన ఊరి పేరుతో దారులు వేయొచ్చు. ఖిల్లా గోడ మీది పద్యానికి అరలో చోటు ఎప్పటికీ లేదు గానీ, కృతిగా దానికి ఒక ఎంట్రీ ఉండొచ్చు: మొదటి రూపం గోడ, బొగ్గు, ప్రతి మిగల్లేదు.

ఈ పనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. సంచిక ముందు పెట్టుకుని, మొదటి పేజీ తిప్పి, మొదటి కవి పేరూ ఊరూ రాయడం మొదలుపెడితే చాలు.